ఎర్ర లోయలో "శక్తి" ఉన్నదా?

విద్యార్థులారా! అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రంలో సెడోనా అనే చిన్న పట్టణం ఉంది. దాని చుట్టూ ఎడారి నేల, ఎర్రటి కొండలు. దగ్గరలోనే బాయింటన్ కాన్యన్ అనే లోయ ఉంది. అక్కడ భూమిలోంచి ఒక శక్తి సుడులు తిరుగుతూ పైకి వస్తుందనీ, కాసేపు కూర్చుంటే అది మన ఒంట్లోకి ప్రవేశిస్తుందనీ నమ్మి ఎందరో యాత్రికులు వస్తారు. అలాంటి చోట్లను "వోర్టెక్స్‌లు", అంటే సుడులు అంటారు. ఈ పేరు ప్రచారంలోకి వచ్చింది 1980 ప్రాంతంలోనే.

అంతకు ఎంతో ముందు నుంచే ఆ లోయ యావపాయ్, అపాచీ తెగలవారికి పవిత్ర స్థలం. 1875 చలికాలంలో సైన్యం వారిని ఆ ప్రాంతం నుంచి సుమారు 290 కిలోమీటర్లు నడిపించి తరలించింది. పూర్వీకుల నేలపై వారికున్న భక్తి తూచి చూసేది కాదు. దాన్ని మనం గౌరవించాలి. కాని "ఇక్కడ శక్తి వెలువడుతోంది" అనే మాట అటువంటిది కాదు. దాన్ని పరీక్షించవచ్చు. భౌతిక శాస్త్రంలో శక్తి అంటే పని చేయగలది. వేడి, వెలుతురు, విద్యుత్తు ఇవన్నీ శక్తి రూపాలే. వాటిని పరికరాలతో కొలుస్తాం, జౌళ్లలో చెబుతాం. మరి సెడోనాలో చూపే సాక్ష్యాలేమిటి?

మొదటిది, రాళ్ల ఎరుపు. "రాళ్లలో ఇనుముంది, కనుక అయస్కాంత శక్తి ఉంది" అంటారు. ఇవి సుమారు 28 కోట్ల సంవత్సరాల కిందట పేరుకున్న ఇసుక గట్టిపడి ఏర్పడిన రాళ్లు. ఇసుక రేణువులపై ఐరన్ ఆక్సైడు, అంటే హెమటైట్, పలుచని పూతలా పట్టింది. ఎరుపు దానిదే. కొద్దిపాటి పూత చాలు, కొండంతా ఎర్రబడుతుంది. హెమటైట్‌కు అయస్కాంత గుణం చాలా తక్కువ. విశాఖపట్నం దగ్గరి ఎర్రమట్టి దిబ్బల రంగుకు కూడా ఐరన్ ఆక్సైడే కారణం. అక్కడ సుడుల మాట ఎవరూ ఎత్తరే!

రెండవది, మెలితిరిగిన జూనిపర్ చెట్లు. శక్తి సుడి వాటిని మెలిపెట్టిందట. కాని మెలితిరిగే చెట్లు ప్రపంచంలో చాలాచోట్ల ఉన్నాయి. పైగా అదే లోయలో తిన్నగా పెరిగిన చెట్లూ ఉన్నాయి. అనుకూలమైన చెట్టునే లెక్కపెట్టి, తక్కినవాటిని వదిలేస్తే అది సాక్ష్యం కాదు.

మూడవది, మనుషుల అనుభూతి. "ఒళ్లు జలదరించింది, మనసు తేలికపడింది" అని యాత్రికులు చెబుతారు. వారు అబద్ధమాడటం లేదు. నిశ్శబ్దం, స్వచ్ఛమైన గాలి, నడక, కొండల అందం మనసుకు హాయినిస్తాయి. ఏదో జరుగుతుందని ముందే ఎదురుచూసేవారికి చిన్న జలదరింపు కూడా పెద్దగా తోస్తుంది.

"నమ్మితే నష్టమేమిటి?" అని మీరు అడగవచ్చు. 2009 అక్టోబరులో సెడోనా సమీపంలో ఆత్మశక్తి పెంపొందిస్తామంటూ నడిపిన ఒక శిబిరంలో, కప్పివేసిన గుడారంలో కాల్చిన రాళ్లపై నీళ్లు పోసి ఆవిరి పట్టారు. బాధను ఓర్చుకుంటే మేలని నమ్మి చాలామంది లోపలే ఉండిపోయారు. ముగ్గురు చనిపోయారు. నిర్వాహకుడికి 2011లో శిక్ష పడింది. కారణం మీ పాఠాల్లోనే ఉంది. చెమట ఆవిరైనప్పుడే శరీరం చల్లబడుతుంది. చుట్టూ గాలి ఆవిరితో నిండి ఉంటే చెమట ఆరదు. ఒంటి వేడి 40 డిగ్రీల సెంటీగ్రేడు దాటితే మెదడు దెబ్బతింటుంది. అది వడదెబ్బ. తల తిరగడం, వాంతులు, తికమక దాని హెచ్చరికలు. అవి కనబడగానే మనిషిని చల్లని చోటికి తరలించి, ఒళ్లు తడిపి, విసరాలి. వెంటనే వైద్యుణ్ణి పిలవాలి.

చేసి చూడండి

ఒకే రకం అట్టపెట్టెలు రెండు తీసుకోండి. రెండింటిలోనూ మామూలు రాళ్లే వేసి మూయండి. ఒకదానిపై "క", రెండవదానిపై "చ" అని రాయండి. తరగతిలో సగం మందికి విడిగా "క పెట్టెలో బలమైన అయస్కాంతం ఉంది" అని చెప్పండి. మిగతా సగానికి "చ పెట్టెలో" అనండి. ఒక్కొక్కరూ రెండు పెట్టెలపైనా చెయ్యి ఉంచి, ఎక్కడ ఏమైనా తోచిందో చీటీపై రాయాలి. చీటీలు లెక్కపెట్టండి. జవాబులు పెట్టెను బట్టి ఉన్నాయా, మీరు చెప్పిన మాటను బట్టి ఉన్నాయా? తరువాత పెట్టెలు తెరిచి అందరికీ అసలు సంగతి చూపించండి.

ఇక ఆలోచించండి: బాయింటన్ లోయను ఇదే పద్ధతిలో పరీక్షించాలంటే మీరు ఏం చేస్తారు?