ఎండాకాలంలో పొలం కుక్కను, నాటుకోళ్లను కాపాడుకోవడం ఎలా?

ఎండాకాలం అనగానే మనకు ఆవులు, గేదెలే గుర్తొస్తాయి. ఈ వీడియోలో పొలానికి కాపలా కాసే కుక్క గురించి, పెరట్లో తిరిగే నాటుకోళ్ల గురించి చూద్దాం.

కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. పాదాల కింద కొంచెం పడుతుంది, అంతే. నాలుక బయటపెట్టి రొప్పుతూనే ఒంట్లో వేడిని బయటికి పంపుకుంటుంది. దానికి నీళ్లు కావాలి, గాలి ఆడాలి. మధ్యాహ్నం రేకుల షెడ్డులో కట్టేస్తే ఆ గాలే ఉండదు. చెట్టు కింద కట్టినా పొద్దు తిరిగేసరికి నీడ జరిగిపోతుంది, గొలుసు మాత్రం అక్కడే ఉంటుంది. పగలు విప్పేయడమే మేలు. తడి మట్టి వెతుక్కుని, గుంట తవ్వుకుని అదే పడుకుంటుంది. అరటి పాదులో తవ్విందని కొట్టకండి, మట్టి మళ్లీ కప్పుకోవచ్చు.

నీళ్లు మట్టి తొట్టిలో, నీడలో పెట్టండి. ఎండలో పడి ఉన్న పైపులో మొదట వచ్చే నీళ్లు కాగినట్టు ఉంటాయి, అవి వదిలేశాకే పట్టాలి. మజ్జిగన్నం పెట్టొచ్చు గానీ మనం తినగా మిగిలిన ఉల్లిపాయ ముక్కలు అందులో ఉండకూడదు. ఉల్లి కుక్క రక్తంలోని ఎర్ర కణాలను దెబ్బతీస్తుంది. పచ్చిదైనా, ఉడికిందైనా అంతే.

ఇక వడదెబ్బ. కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. 104 దాటిందంటే ప్రమాదమే. రొప్పు ఆగదు, చొంగ చిక్కగా కారుతుంది, చిగుళ్లు బాగా ఎర్రబడతాయి, నడుస్తుంటే తూలుతుంది. అప్పుడు డాక్టరు కోసం చూస్తూ కూర్చోవద్దు. నీడలోకి తెచ్చి ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసరండి. బోరు నీళ్లు చాలు, ఐస్ కోసం పరుగెత్తక్కర్లేదు. తడి గోనెసంచి కింద పరవండి, పైన కప్పొద్దు. కప్పితే వేడి లోపలే ఉండిపోతుంది. స్పృహలో లేకపోతే నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒళ్లు కాలుతోందని పారాసెటమాల్ వేస్తుంటారు కొందరు. ఇది జ్వరం కాదండీ, ఆ మాత్ర పనిచేయదు. పిల్లికైతే ఒక్క మాత్రతోనే ప్రాణం పోవచ్చు. కుక్క కాస్త చల్లబడ్డాక పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. లేచి తిరుగుతున్నా సరే చూపించాలి, ఎందుకంటే కిడ్నీలకు తగిలిన దెబ్బ ఒకటి రెండు రోజుల తర్వాత బయటపడొచ్చు.

కోడికైతే చెమట గ్రంథులే లేవు. నోరు తెరిచి, రెక్కలు ఎడంగా పెట్టి నిలబడిందంటే వేడికి తట్టుకోలేకపోతోందని అర్థం. అలా రొప్పినప్పుడు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి గుడ్డు పెంకు పల్చబడుతుంది. కాబట్టి సున్నపు పెంకులు మేపితే సరిపోదు, ముందు నీడ చూడాలి. గూడు రేకుల మీద కొబ్బరి మట్టలు గానీ వరిగడ్డి గానీ వేయండి. మేత తెల్లవారుజామున, పొద్దు వాలాక వేయండి. మిట్టమధ్యాహ్నం తింటే అరిగేటప్పుడు పుట్టే వేడి కూడా తోడవుతుంది. పొదుగుతున్న పెట్ట ఎంత ఎండైనా గుడ్ల మీద నుంచి ఒక పట్టాన లేవదు. దానికి నీళ్ల చిప్ప గంప పక్కనే, మెడ చాపితే అందేటట్టు పెట్టండి.