ఋతువు దాటిన వేళ గాలి జాడ

గాలి కంటికి కనబడదు. అయినను దానిని నమ్ముకొని బ్రతికినవారు దాని రాకపోకలను పంచాంగమువలె కంఠస్థము చేసికొనిరి. నేడు తెరచాప నిలిపిన పలకపై సాగు విండ్‌సర్ఫింగు, పెద్ద గాలిపటము లాగుచుండగా అలలపై పరుగిడు కైట్‌సర్ఫింగు ప్రపంచమంతట వ్యాపించిన క్రీడలు. మొదటిది 1984లో లాస్ ఏంజెలిస్ ఒలింపిక్ క్రీడలలో చేరినది. రెండవది 2024 పారిస్ ఒలింపిక్ క్రీడలలో భాగముగా మార్సెయ్ తీరమున జరిగినది. ఈ క్రీడాకారులందరిని వేధించు ప్రశ్న ఒక్కటే: గాలికాలము ముగిసిన పిమ్మట మంచి గాలి ఎక్కడ దొరకును? ఇది వినోదమునకు సంబంధించిన ప్రశ్నగా తోచినను, భూగోళ శాస్త్రము, భౌతిక శాస్త్రము కలిసి చెప్పవలసిన పాఠమొకటి దీనిలో ఇమిడియున్నది.

ముందుగా మంచి గాలి యనగా ఎంత యో తెలిసికొందము. సముద్రముపై గాలి వేగమును నాట్లలో కొలుతురు. ఒక నాటు గంటకు 1.852 కిలోమీటర్లు. సాధారణముగా 15 నుండి 25 నాట్ల వరకు నిలకడగా వీచు గాలి ఈ క్రీడలకు అనుకూలము. గాలి చాపపై చూపు బలము వేగము యొక్క వర్గమును అనుసరించి పెరుగును. అనగా 10 నాట్ల గాలి 20 నాట్లయినచో బలము రెండింతలు కాదు, నాలుగింతలగును. కనుకనే 75 కిలోల బరువుగల వ్యక్తి 15 నాట్లలో సుమారు 12 చదరపు మీటర్ల గాలిపటమును వాడినచో, 20 నాట్లు దాటినపుడు 9 చదరపు మీటర్లకు దిగవలసి యుండును.

ఇక గాలి పుట్టుక. పగటివేళ నేల నీటికంటె త్వరగా వేడెక్కును. నేలపైని గాలి తేలికయై పైకి లేవగా, ఆ లోటును పూరించుటకు సముద్రపు గాలి ఒడ్డునకు వచ్చును. ఎండ తగ్గిన కాలమున ఈ గాలియు నీరసించును. అందుచేత ఋతువు మారిన వేళ సముద్రపు గాలిని మాత్రమే నమ్ముకొనరాదు. అంతకంటె విశాలమైన కారణములను వెదకవలెను.

అట్టి కారణములలో మొదటిది ఋతుపవనము. ఆంగ్లమున మాన్‌సూన్ అను మాటకు మూలము అరబ్బీలోని మౌసిమ్. మన ఉర్దూ విద్యార్థులు నిత్యము పలుకు మౌసమ్ దాని సోదరమే. 15వ శతాబ్దపు అరబ్బు నావికుడు అహ్మద్ ఇబ్న్ మాజిద్ తన నౌకాశాస్త్ర గ్రంథమున ఏ రేవునుండి ఏ కాలమున బయలుదేరవలెనో వివరించెను. ఒక గాలి ఆగినపుడు దాని ఎదురుగాలి రానున్నదని ఆ నావికులకు తెలియును. గాలి లేని కాలమని మనము తలచునది తరచుగా దిక్కు మారు కాలము మాత్రమే.

రెండవది ఇరుకు దారి. విశాలముగా వీచు గాలి రెండు కొండల నడుమనో, రెండు భూభాగముల నడుమనో దూరవలసి వచ్చినపుడు వేగము పుంజుకొనును. స్పెయిన్ దక్షిణపు కొనన తరీఫా పట్టణము జిబ్రాల్టర్ జలసంధి ప్రక్కన నున్నది. అచ్చట తూర్పునుండి లెవాంతే, పడమటినుండి పొనియెంతే అను గాలులు వీచుటకు ఈ ఇరుకే ముఖ్యకారణము. కన్యాకుమారి జిల్లాలోని ముప్పందల్ వద్ద బారులు తీరిన గాలిమరలును కనుమ గాలిని ఆశ్రయించినవే.

ఈ రెండు కారణములు కలిసిన చోటు రామేశ్వరము, మండపము ప్రాంతము. ఉత్తరమున పాక్ అఖాతము, దక్షిణమున మన్నార్ సింధుశాఖ, నడుమ సన్నని భూభాగము. వేసవి నుండి సెప్టెంబరు వరకు నైరుతి గాలి. అది తగ్గి, కొంత విరామము తరువాత డిసెంబరు మొదలు మార్చి వరకు ఈశాన్య గాలి. భారతదేశమునకు శ్రీలంకకు నడుమ దూరునప్పుడు ఈ ఈశాన్య గాలి మరింత బలపడును. నీటికి రెండువైపుల ఒడ్డు ఉండుటచే గాలి దిక్కునుబట్టి తీరమును మార్చుకొనవచ్చును. శ్రీలంకలోని కల్పిటియకు రెండు గాలికాలములుండుటయు ఇందువలననే. ఐరోపాలో చలి ముదిరిన మాసములలో దక్షిణార్ధగోళమున కేప్‌టౌన్ నగరమునకు వేసవి. అచ్చట కేప్ డాక్టర్ అని పిలువబడు ఆగ్నేయపు గాలి అప్పుడే విజృంభించును.

కావున వెదకువారు వరుసగా నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. ఆ మాసమున పెద్ద గాలి ఏ దిక్కునుండి వచ్చును? దానిని బిగించు ఇరుకు ఎచ్చట నున్నది? మధ్యాహ్నపు సముద్రపు గాలి దానికి తోడగునా, ఎదురగునా? ఆ గాలి ఒడ్డునకు ఏ కోణమున తగులును? వాతావరణ పటముపై సమభార రేఖలు దగ్గరగా నున్నచోట గాలి బలముగా నుండునని పాఠశాలలో చదివిన విషయము ఇక్కడ అక్కరకు వచ్చును. గాలి పలుచనైన దినములలో నీటిలోపల రెక్కగల ఫాయిల్ పలకలు 10 నాట్ల గాలికే పైకి లేచును.

నాల్గవ ప్రశ్న ప్రాణములకు సంబంధించినది. నేలమీదినుండి సముద్రమువైపు వీచు గాలిలో ఒడ్డుదగ్గర నీరు అద్దమువలె నుండి మనలను పిలుచును. పరికరము విరిగిననాడు అదే గాలి నడిసంద్రమునకు కొనిపోవును. ఋతువు కాని వేళ తీరమున జనముండరు, రక్షించు పడవ ఉండదు. పైగా మన తూర్పు తీరమున అక్టోబరు నుండి డిసెంబరు వరకు తుఫానుల కాలము. 1964 డిసెంబరులో ధనుష్కోటి పట్టణము, 1977 నవంబరు 19న దివిసీమ గ్రామములు ఈ మాసముల గాలికే బలియైనవి. అవి మరచి గాలిని వెదకుట విజ్ఞత కాదు. హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రము సముద్రస్థితిని ముందుగా తెలుపుచున్నది. దానిని చూడక నీటిలో దిగరాదు; ఒంటరిగా అసలే దిగరాదు.

గాలిని వశపరచుకొనుట ఎవరి తరము కాదు. దాని దారిని తెలిసికొని, దానితో కూడ నడచుట మాత్రమే మనకు సాధ్యము. ఏ తీరమున నున్నను విద్యార్థులు ప్రతిదినము గాలి దిక్కును, బలమును ఒక పుస్తకమున వ్రాసికొనినచో, సంవత్సరము తిరుగునప్పటికి ఆ తీరపు మౌసమ్ వారి చేతిలో నుండును.