లెక్క చూస్తే రాదు, చేస్తేనే వస్తుంది

చిరంజీవి బుజ్జితల్లికి మావయ్య ఆశీస్సులు.

నిన్న అమ్మ ఫోన్ చేసింది. పదో తరగతిలోకి వచ్చాక నీకు లెక్కలంటే బెంగ పట్టుకుందట. క్లాసులో చెబుతుంటే అంతా అర్థమైనట్టే ఉంటుందట, తీరా పరీక్షలో పేపరు ముందుకొచ్చేసరికి చెయ్యి ఆడటం లేదట. ఏళ్ల తరబడి లెక్కలు చెప్పినవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను. పక్కన కాగితం, పెన్సిలు పెట్టుకుని చదువు.

నీ తెలివికి లోటేమీ లేదమ్మా. సాధన చేసే తీరు మారాలి, అంతే. గైడు తెరిచి, అందులో చేసిపెట్టిన లెక్కను వరసగా చదువుకుంటూ పోతే ప్రతి మెట్టూ తెలిసిందే అనిపిస్తుంది. పరీక్షలో మాత్రం తర్వాతి మెట్టు ఏదో నువ్వే తేల్చుకోవాలి. అందుకే పుస్తకం మూసేసి, తెల్లకాగితం మీద మొదటి నుంచి చివరిదాకా నీ చేత్తో చేసినప్పుడే ఆ లెక్క వచ్చిందనుకో.

ముందు అంకగణితం సంగతి. పదో తరగతి లెక్కల్లో తడబడే పిల్లల్లో చాలామందికి చిక్కు కింది తరగతుల్లోనే ఉంటుంది: భిన్నాలు, దశాంశాలు, శాతాలు, రుణసంఖ్యలు. ఒక దుకాణంలో 500 రూపాయల చీర ధరను 20 శాతం పెంచి, ఆ తర్వాత 20 శాతం తగ్గించారనుకో. మళ్లీ 500 అవుతుందనే ఎక్కువమంది చెబుతారు. చేసి చూడు. పెంచితే 600. తగ్గింపు ఆ 600 మీద కదా, అంటే 120. చీర 480కి వస్తుంది. శాతం కనబడగానే ‘దేనిమీద?’ అని అడగడం అలవాటు చేసుకో. గుణకారం మొదలుపెట్టే ముందు జవాబు సుమారు ఎంత ఉండాలో కూడా మనసులో వేసుకో. 19.8ని 5.1తో గుణిస్తే వందకు అటూ ఇటూ రావాలి. 1009.8 వచ్చిందంటే చుక్క ఎక్కడో జరిగిందని నీకే తెలిసిపోతుంది.

బీజగణితంలో ఎక్కువ మార్కులు పోయేది గుర్తుల దగ్గర, బ్రాకెట్ల దగ్గర. 5 − (ఎక్స్ − 3) ఇస్తే 2 − ఎక్స్ అని రాసేస్తారు. బ్రాకెట్ ముందున్న మైనస్ లోపలి రెండు పదాలకూ వర్తిస్తుంది కాబట్టి అది 8 − ఎక్స్. అలాగే (ఎ + బి)² అంటే ఎ² + బి² అనుకుంటారు. అనుమానం వస్తే చిన్న అంకెలు పెట్టి చూడు. ఎకి 2, బికి 3 పెడితే మొదటిది 25, రెండోది 13. మధ్యలో పోయిన 12 ఏమిటి? 2ఎబి. ఇలా ఒకసారి నీ అంతట నువ్వు పట్టుకుంటే ఆ సూత్రాన్ని ఇక మరచిపోవు.

మాటల్లో ఇచ్చిన లెక్కలకు భయపడకు. ‘దీర్ఘచతురస్రం పొడవు వెడల్పు కంటే 3 మీటర్లు ఎక్కువ, వైశాల్యం 40 చదరపు మీటర్లు, కొలతలు కనుక్కో’ అన్నారనుకో. మొట్టమొదట ‘వెడల్పు ఎక్స్ మీటర్లు అనుకుందాం’ అని స్పష్టంగా రాయి. అప్పుడు పొడవు ఎక్స్ + 3. వైశాల్యం ఎక్స్(ఎక్స్ + 3) = 40, అంటే ఎక్స్² + 3ఎక్స్ − 40 = 0. గుణిస్తే −40, కూడితే 3 రావలసిన సంఖ్యలు 8, −5. కాబట్టి (ఎక్స్ + 8)(ఎక్స్ − 5) = 0. ఎక్స్ విలువ −8 లేదా 5. వెడల్పు రుణసంఖ్య కాదు కాబట్టి −8ని వదిలెయ్యి, ఎందుకు వదిలావో ఒక ముక్క రాయి. వెడల్పు 5, పొడవు 8. చివరగా ప్రశ్న దగ్గరకు వెళ్లి సరిచూడు: 8కి 5కి తేడా 3, లబ్ధం 40. ఈ సరిచూడటానికి అర నిమిషం పట్టదు. దాన్ని ఎప్పుడూ మానకు.

రేఖాగణితంలో పటం చక్కగా గియ్యి, కానీ పటాన్ని చూసి ఏదీ నమ్మకు. లంబకోణంలా కనిపించినంత మాత్రాన అది 90 డిగ్రీలు కాదు. దత్తాంశంలో ఏముంది, సారాంశంలో ఏం అడిగారు, ఈ రెండూ రాసుకున్నాకే ఉపపత్తి మొదలుపెట్టు. కిందటేడు చదివిన సమద్విబాహు త్రిభుజాన్నే తీసుకో. ఎబి, ఎసి సమానమైతే బి, సి కోణాలు సమానమని చూపాలి. ఎ కోణానికి సమద్విఖండన రేఖ ఎడి గీస్తే ఎబి = ఎసి, ఎడి ఉమ్మడి భుజం, వాటి మధ్య కోణాలు సమానం. భుజం-కోణం-భుజం నియమం సరిపోయింది. ఇక్కడ ప్రాణమంతా ‘మధ్య’లోనే ఉంది. కోణం ఆ రెండు భుజాల మధ్యది కాకపోతే ఈ నియమం వాడటానికి వీల్లేదు. అదే ఫలితాన్ని ఎ నుంచి లంబం గీసి, లంబకోణం-కర్ణం-భుజం నియమంతోనూ సాధించి చూడు. ఒకే సిద్ధాంతాన్ని రెండు దారుల్లో నిరూపించడం పది కొత్త లెక్కలు చేసినంత మేలు.

మన భాషకు గణితం కొత్త కాదు. మహావీరాచార్యుడు 9వ శతాబ్దంలో సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లో చెప్పాడు. నువ్వు చదివేది ఇంగ్లిషు మీడియమే అయినా, ప్రతి మెట్టూ ఎందుకు వచ్చిందో ఇంట్లో మాట్లాడే తెలుగులో తమ్ముడికి చెప్పి చూడు. ఎక్కడ చెప్పలేక ఆగిపోతావో అక్కడే నీకు సరిగా అర్థం కాలేదన్నమాట.

ఇక రోజువారీ పద్ధతి. ఆదివారం ఒక్కరోజే నాలుగు గంటలు కూర్చునే కంటే రోజూ ముప్పావుగంట మేలు. ఒక అధ్యాయం చివరి అభ్యాసంలో లెక్కలన్నీ ఇంచుమించు ఒకే తీరులో ఉంటాయి. ఏ పద్ధతి వాడాలో ముందే తెలిసిపోతుంది. అందుకని వారానికి రెండు రోజులైనా వేర్వేరు అధ్యాయాల లెక్కలు కలిపి చెయ్యి. ఒక లెక్క దగ్గర చిక్కుకుంటే పావుగంట పెనుగులాడు. అప్పటికీ రాకపోతే గైడులో ఒక్క మెట్టు మాత్రమే చూసి మూసెయ్యి. తప్పుల కోసం విడిగా ఒక నోటుబుక్కు పెట్టు. తప్పెక్కడ జరిగిందో ఒక వాక్యంలో రాసి, ఆ లెక్కనే మూడు రోజులకు, మళ్లీ వారానికి, ఏదీ చూడకుండా చెయ్యి. మీ మాస్టారిని ‘ఇది రాలేదండీ’ అని అడగకు. ‘మూడో మెట్టు ఎలా వచ్చిందండీ’ అని అడుగు. ఆయన సంతోషంగా చెబుతారు.

ఈ ఆదివారంలోగా నాకోసం ఒక్క పని చెయ్యి. సమచతుర్భుజంలో కర్ణాలు ఒకదానికొకటి లంబంగా ఉంటాయని గైడు చూడకుండా నిరూపించి, ఆ పేజీని వాట్సాప్‌లో పంపు. కొట్టివేతలున్నా ఫరవాలేదు, సగంలో ఆగిపోయినా ఫరవాలేదు. నీ సొంతంగా రాసిందే పంపు తల్లీ, మిగతాది ఇద్దరం కూర్చుని చూసుకుందాం.

ప్రేమతో,
మీ మావయ్య