ఆగుట వేఱు, ఆఱుట వేఱు

దీపమును ఊదినచో ఆఱిపోవును. కంప్యూటరును ఆర్పుట అంత సులభము కాదు. ఒక పాత యంత్రమునందు లినక్సును స్థాపించిన దినములలో మా కీ సంగతి బోధపడెను. పని ముగింపుమని ఆజ్ఞాపించినపుడెల్ల కొంతసేపటికి తెరపై "సిస్టమ్ హాల్టెడ్" అను మాటలు కనబడెడివి గాని, లోపలి ఫ్యాను తిరుగుచునే యుండెడిది. మేమే మీట నొక్కవలసి వచ్చెడిది. ఒకనాడు తొందరపడి ఆ మాటలు కనబడక మునుపే నొక్కితిమి. మఱునాడు చూడగా, మేము వ్రాసియుంచిన మార్కుల పట్టికలో సగము లేదు!

ఇట్లేల జరిగెను? మనము వ్రాసినది వెంటనే డిస్కునకు చేరదు. కొంతసేపు మెమరీలో నిలిచియుండును. దానిని డిస్కునకు చేర్చునది కెర్నెలు. 1991వ సంవత్సరమున ఫిన్లండు దేశమందలి హెల్సింకిలో విద్యార్థిగానున్న లినస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన ఈ కెర్నెలే లినక్సునకు ప్రాణము. పని ముగియునపుడు అది మెమరీలోని దానినంతయు డిస్కుపై వ్రాసి, ఫైళ్ల వ్యవస్థను మూసివేయును. అంతటితో యంత్రము ఆగును, ఆఱదు.

పూర్వపు యంత్రములలో విద్యుత్తును మనుష్యుడే మీటతో ఆపవలసియుండెను. 1995లో ఇంటెల్ వారు ప్రకటించిన ఏ.టి.ఎక్స్. పద్ధతిలో మదర్‌బోర్డే సంజ్ఞ నిచ్చి విద్యుత్తును ఆపింపగలదు. ఆ సంజ్ఞను ఇప్పించుటకు కెర్నెలునకు ఫర్మ్‌వేరుతో మాటలాడు భాష తెలిసియుండవలెను. 1992లో వెలువడిన ఏ.పి.ఎం., 1996లో వెలువడిన ఏ.సి.పి.ఐ. అట్టి భాషలు.

కెర్నెలును స్వయముగా కూర్చుకొనువారు 'మేక్ మెనూకాన్ఫిగ్' అను ఆజ్ఞ నిచ్చి, పవర్ మేనేజ్‌మెంట్ అను భాగమున ఏ.సి.పి.ఐ.ని ఎన్నుకొనవలెను. ఏ.పి.ఎం. మాత్రమే యెఱిగిన పాత 32 బిట్ల యంత్రమైనచో దానినే ఎన్నుకొనవలెను. పిదప కెర్నెలును కంపైలు చేసి, మాడ్యూళ్లతో సహా స్థాపించి, బూట్‌లోడరునకు తెలిపి, యంత్రమును తిరిగి ప్రారంభింపవలెను. తుదకు 'హాల్ట్' అనక 'పవరాఫ్' అని ఆజ్ఞాపింపవలెను. మొదటిది ఆగుమనుట; రెండవది ఆఱుమనుట.

మేమట్లు చేసినంతట ఫ్యాను తనంతట తానే నిలిచిపోయెను. ఆనాటినుండి మాకు మీటతో పని లేకపోయెను.

విద్యార్థులారా! యంత్రము తన లెక్కలన్నియు వ్రాసికొన్న పిదపనే దీపము నార్పుకొనును. అది ముగియువఱకు ఓపికతో నుండుడు. తొందరపడి తీగను లాగకుడు. పోయిన సగము పట్టికను తిరిగి వ్రాయుటకు మాకొక దినము పట్టెను.