మూత్రపిండములలోని చిన్న తలుపులు

1586వ సంవత్సరము డిసెంబరు మాసమున పోలండు రాజగు స్టీఫెన్ బాతొరి గ్రోడ్నో పట్టణమున మరణించెను. ఆయన కళేబరమును పరీక్షించిన శస్త్రవైద్యుడు, మూత్రపిండములు ఎద్దు మూత్రపిండములవలె పెద్దవై, గడ్డలు గడ్డలుగా ఉబ్బియున్నట్లు గుర్తించెను. ఆనాడు దాని కారణ మెవ్వరికిని తెలియదు. ఆ వర్ణన తిత్తుల మూత్రపిండవ్యాధికి సరిపోవుచున్నదని నేటి వైద్యులు కొందరు చెప్పుదురు. రాజునకును కూలివానికిని, ఏ దేశమువారికైనను రాదగిన వంశవ్యాధి యిది.

మన వెన్నెముకకు ఇరుప్రక్కల చిక్కుడుగింజ ఆకారము గల రెండు మూత్రపిండములు కలవు. ఒక్కొక్కదానియందు సుమారు పది లక్షల సన్నని గొట్టములుండును. ఇవి దినమునకు 180 లీటర్ల ద్రవమును వడగట్టి, ఇంచుమించు అంతయు తిరిగి రక్తమునకు చేర్చి, లీటరున్నర మాత్రము మూత్రముగా బయటికి పంపును.

ఈ గొట్టముల గోడలు కణములతో నిర్మితములు. ఇంచుమించు ప్రతి కణమునుండియు వెండ్రుకవంటి శైలిక యొకటి గొట్టములోనికి పొడుచుకొని యుండును. ఆ శైలికపై కాల్షియము ప్రవేశించుటకు చిన్న తలుపులు కలవు. మన యెముకలను గట్టిపఱచు కాల్షియమే కణములో వార్తాహరుని పని చేయును. కణము లోపలికంటె వెలుపల అది పదివేల రెట్లు అధికము. నిండు చెఱువునకు తూము తెఱచినట్లు, తలుపు క్షణకాలము తెఱచిన చాలును. కాల్షియము లోనికి దూకును. కణము దానినే ఆజ్ఞగా గ్రహించును.

ఈ తలుపు పాలిసిస్టిన్-1, పాలిసిస్టిన్-2 అను ప్రోటీనుల కూర్పు. మొదటిది ఒకటి, రెండవవి మూడు కలిసి యుండునని 2018లో తేలినది. మూత్రప్రవాహము శైలికను వంచగా తలుపు తెఱచుకొనునని 2003లో కొందరు శాస్త్రజ్ఞులు చూపిరి. 2016లో మఱికొందరు దానిని కాదనిరి. ఇట్టి వాదములచేతనే శాస్త్రము పెరుగును.

తలుపు చెడినచో కణములో కాల్షియము తగ్గును. సైక్లిక్ ఏఎంపి అను మఱియొక వార్తాహరి హెచ్చును. అప్పుడు కణములు అక్కఱలేకయే విభజన చెంది, నీటిని స్రవించును. గొట్టము ఒకచోట ఉబ్బి తిత్తియగును. ఆ తిత్తులు ఏండ్ల తరబడి పెరిగి, ప్రక్కనున్న మంచి గొట్టములను నొక్కివేయును. రక్తపుపోటు హెచ్చును. తుదకు మూత్రపిండములు పనిచేయుట మానును.

ఈ దోషము తరతరములకు ఎట్లు సంక్రమించును? 1957లో డెన్మార్కు వైద్యుడు డాల్‌గార్డు 284 మంది రోగుల కుటుంబములను పరిశీలించి దీని వంశక్రమమును వివరించెను. 16వ క్రోమోసోముపై నున్న పాలిసిస్టిన్-1 జన్యువును 1994లోను, 4వ క్రోమోసోముపై నున్న పాలిసిస్టిన్-2 జన్యువును 1996లోను గుర్తించిరి. జన్యువు ఒక వ్రాతవంటిది. ఒక్క యక్షరము తప్పినను ఒక్కొక్కప్పుడు పదము అర్థము చెడును గదా!

ఈ జన్యువులలో ఒక్కొక్కదానికి మనకు రెండేసి ప్రతులు కలవు. తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటి. ఒక యింట తండ్రికి ఈ వ్యాధి కలదనుకొనుడు. ఆయన ప్రతి బిడ్డకును చెడిన ప్రతియో మంచి ప్రతియో ఇచ్చును. నాణెము నెగురవేసినట్లు సగము అవకాశము. కొడుకైనను కూతురైనను ఒక్కటియే. నలుగురు బిడ్డలలో ఇద్దరికే వచ్చునని లెక్కవేయరాదు. ప్రతి బిడ్డకును నాణెము క్రొత్తగా ఎగురును. చెడిన ప్రతి వచ్చినను, మంచి ప్రతి చాలకాలము పని నడపును. ఏ కణములో అదియు చెడునో అచ్చట తిత్తి మొదలగును. కావుననే పెక్కుమందికి ముప్పది, నలువది యేండ్ల వఱకు వ్యాధి తెలియదు.

బాలలారా! వంశవ్యాధి యన్నంతనే కొందరు పాపమందురు, శాపమందురు. ఆడుబిడ్డ పెండ్లికి అడ్డు వచ్చునని దాచిపెట్టుదురు. దాచిన వ్యాధి తగ్గదు. రక్తపుపోటు మాత్రము చాటున పెరుగుచుండును. తెలిసికొన్నవారు ఉప్పు తగ్గించి, రక్తపుపోటును అదుపులో నుంచుకొని మూత్రపిండములను కాపాడుకొనవచ్చును. 2014లో జపానులో ఆమోదము పొందిన టోల్వాప్టాన్ అను మందు తిత్తుల పెరుగుదలను మందగింపజేయును, వ్యాధిని మాన్పజాలదు. మూత్రపిండము దానమీయ దలచిన సోదరుడు తనకును ఆ వ్యాధి లేదని ముందుగా పరీక్షచే నిశ్చయించుకొనవలెను. ఇంటిలోని నిజము ఇంటివారి కందఱికిని తెలిసినగాని ఇది సాధ్యము కాదు.

జన్యువును ఎన్నుకొని పుట్టినవాడు లేడు. కావున రోగిని నిందింపకుడు. కణములోని తలుపు చెడినను, మన యింటి తలుపును అతనికి మూయకుడు.

ప్రశ్నలు
1. కాల్షియము తలుపు చెడినచో తిత్తి ఎట్లేర్పడును?
2. నలుగురు బిడ్డలలో ఇద్దరికే వ్యాధి వచ్చునని చెప్పుట ఏల తప్పు?
3. వంశవ్యాధిని దాచుటవలన కలుగు నష్టములను వ్రాయుము.