కారులో విదేశయాత్ర – ముందుగా చేయవలసిన సన్నాహము

కాశికి బోయినవాడు కాటికి బోయినవానితో సమానుడని మన పూర్వులు చెప్పుకొనెడివారు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ద్విభాషిగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరము మే నెలలో కాశీయాత్రకు బయలుదేరి 1831 సెప్టెంబరులో మరల ఇల్లు చేరిరి. డేరాలు, పల్లకీలు, బోయీలు, పెద్ద పరివారము ఆయన వెంట నడచినవి. నేడు చిన్న కారు గలవాడు రెండు పెట్టెలతో దేశపు ఎల్లలనే దాటగలడు. మూటలు తగ్గినవి, సన్నాహము మాత్రము తగ్గలేదు. అందలి పెద్ద భాగము కాగితములలోనికి మాఱినది.

విద్యార్థులారా, ఈ విషయమున ఒక ప్రసిద్ధ యాత్రను మీరు తెలిసికొనవలెను. ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములకు చెందిన ఆరుగురు యువకులు 1955 సెప్టెంబరు 1వ తేదీన రెండు లాండ్‌రోవరు బండ్లలో లండను విడిచిరి. టర్కీ, ఇరాన్, పాకిస్తాన్ మీదుగా మన దేశము ప్రవేశించి, అస్సామునుండి రెండవ ప్రపంచయుద్ధ కాలమున వేయబడిన లెడో మార్గమున బర్మాలో దిగి, 1956 మార్చి 6వ తేదీన సింగపూరు చేరిరి. ఐరోపానుండి సింగపూరు వఱకు భూమార్గమును ఆద్యంతము మోటారుబండిపై దాటిన మొదటివారుగా వారికి పేరు కలిగినది. ఆక్స్‌ఫర్డు అని పేరుపెట్టబడిన ఆ బండియే 2019లో సింగపూరునుండి లండనునకు తిరుగుప్రయాణము చేసినది. పాత బండి కదా యని నవ్వవలదు. మరమ్మతు చేయ వీలున్న సాదా యంత్రమే దూరదేశమున మేలని అనుభవజ్ఞులు చెప్పుదురు.

ఇక అసలు పాఠము. మనుష్యునకు పాస్‌పోర్టు ఉన్నట్లే కారునకును ఒక పుస్తకము కలదు. దానిని కార్నె అందురు. దాని యవసరమేమి? ఏ దేశమైనను పైదేశపు కారు తన గడ్డపై అమ్ముడుపోయినచో దిగుమతి సుంకము కోరును. యాత్రికుడు కారును అమ్మక తిరిగి తీసికొనిపోవునని నమ్ముట యెట్లు? ప్రతి సరిహద్దునను సుంకమంతయు కట్టించుకొని, పోవునపుడు తిరిగి ఇచ్చుట ఉభయులకు కష్టము. అందుచేత యాత్రికుని స్వదేశములోని ఆటోమొబైలు సంఘము అతనికి హామీగా నిలుచును. కారు విలువను, పోదలచిన దేశములను బట్టి సంఘము ముందే అతనియొద్ద ధరావతు గాని బ్యాంకు హామీ గాని పుచ్చుకొనును. ఈ పద్ధతికి ఆధారమైన అంతర్జాతీయ ఒడంబడిక 1954లో న్యూయార్కులో కుదిరినది.

కార్నెలో ప్రతి పుటకును మూడు భాగములు. దేశము ప్రవేశించునపుడు సుంకపు అధికారి ఒక భాగము చించుకొనును. విడిచి పోవునపుడు రెండవదానిని చించుకొనును. రెండు మారులును మూడవ భాగముపై ముద్రవేయును. ఆ మూడవ భాగమే మనయొద్ద నిలిచెడి సాక్ష్యము. ఒక యాత్రికుడు అర్ధరాత్రివేళ సరిహద్దు చేరెననుకొనుడు. పిల్లలు నిద్రించుచున్నారు, అధికారి తొందరపడుచున్నాడు, ఇతడు నిర్గమన ముద్ర చూడకయే పుస్తకము మడచి బండి కదలించినాడు. ఆ దేశపు లెక్కలో కారు ఇంకను అచ్చటనే యున్నది, అనగా అమ్ముడుపోయినది! కొన్ని నెలలకు సంఘమునకు సుంకపు దావా వచ్చును. ధరావతు ప్రమాదములో పడును. చక్రములలో గాలి చూచుకొనువారు వేలమంది గలరు గాని ముద్ర చూచుకొనువారు కొందఱే.

కారు నడపువానికి అంతర్జాతీయ డ్రైవింగు పర్మిటు మఱియొక యవసరము. మన దేశమున దీనిని ప్రాంతీయ రవాణా కార్యాలయమువారు ఇత్తురు. దాని గడువు ఒక సంవత్సరము మించదు. ఇది క్రొత్త యర్హత యేమియు గాదు. మీ లైసెన్సునకు అనువాదము వంటిది. అసలు లైసెన్సు వెంట లేనిచో దీనికి విలువ లేదు. 1949 నాటి జెనీవా ఒడంబడిక ననుసరించి ఈ పుస్తకపు చివరి పుట ఫ్రెంచిభాషలో నుండవలెను. ఆ విషయమే మిగిలిన పుటలలో ఇతర భాషలలో నుండును. 1954 వఱకు ఫ్రెంచివారి యేలుబడిలో నున్న యానాములో తాతగారి కాలపు దస్తావేజులు చూచిన పిల్లలకు ఆ పుట వింతగా దోపదు. ఇంటిలో ఒక భాష, కచేరిలో మఱియొక భాషగా పెరుగుచున్న మనకు అనువాదము విలువ ఒకరు చెప్పవలసిన పనియు లేదు.

ఇచ్చటనే మనవారికి ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. తల్లిదండ్రులు దీనిని శ్రద్ధగా గమనింపగోరెదను. తెలుగువారి పేరునకు ముందుండు అక్షరము సామాన్యముగా ఇంటిపేరును దెలుపును. తమిళనాట అదే అక్షరము తండ్రిపేరును దెలుపును. హోసూరు ప్రాంతపు బాలునకు బడి సర్టిఫికెట్టులో ఒకటి, గుర్తింపు కార్డులో ఇంకొకటి పడుట అరుదు కాదు. పాస్‌పోర్టులో ఆ యక్షరమును విప్పి పూర్తిగా వ్రాయుదురు. అప్పుడు పాస్‌పోర్టు, లైసెన్సు, కారు రిజిస్ట్రేషను పత్రము ముగ్గురు వేఱువేఱు మనుష్యులవిగా కనబడును. సరిహద్దున నిలుచున్న అధికారికి మన ఇంటిపేర్ల సంప్రదాయము తెలియదు. తెలియవలెనని కోరుటయు న్యాయము కాదు. ఈ సవరణ కొన్ని నెలలకు ముందే యింటియొద్ద జరుగవలెను. మీ యింట వాహనమున్నచో దాని పత్రమందలి పేరు, ఇంజను సంఖ్య, చాసిస్ సంఖ్యలను బండిపై నున్న వానితో అక్షరక్షరము పోల్చిచూడుడు. ఈ పని పిల్లలు పెద్దలకంటె బాగుగా చేయుదురు.

పొరుగు దేశమైన నేపాలునకు ఇంత ప్రయాస లేదు. భారతీయులకు వీసా యక్కఱలేదు. పాస్‌పోర్టు లేనివారికి ఓటరు కార్డు చాలును. గోరఖ్‌పురమునకు ఉత్తరమున నున్న సునౌలీ వంటి సరిహద్దులలో కారునకు రోజుల లెక్కను రుసుము చెల్లించి భన్సార్ అను అనుమతిపత్రము పొందవలెను. గడువు దాటినచో జరిమానా. మన దేశపు బీమా సరిహద్దుతో ఆగిపోవును గనుక, అదనపు ప్రీమియము చెల్లించి నేపాలునకు విస్తరింపజేసికొనవలెను. గడియారమును పదునైదు నిమిషములు ముందునకు త్రిప్పుట మఱువరాదు.

మన వైష్ణవులు భక్తితో దర్శించు ముక్తినాథము నేపాలులోనిదే. పోఖరామీదుగా అచ్చటికి రోడ్డు గలదు. క్షేత్రము సుమారు 3,700 మీటర్ల ఎత్తున నున్నది. భౌతికశాస్త్రమున మీరు చదివిన పాఠము అచ్చట ప్రత్యక్షమగును. గాలి పీడనము సముద్రతీరమున నున్న దానిలో మూడింట రెండు వంతులకంటె తక్కువ. నీరు సుమారు 88 డిగ్రీలకే మరగును. గాలి పలుచనగుటచే ఇంజను బలము తగ్గును. తలనొప్పి, ఆయాసము మనుష్యులను బాధించును. కనుక ఒక్క దినములోనే ఎక్కక నడుమ ఆగవలెను. రేడియేటరు నీరు మూతబిగింపు పీడనముచే మరగక నిలిచియుండును. వేడిమీద మూత త్రిప్పినవాని ముఖము కాలును. దిగునపుడు బ్రేకును నమ్ముకొనక, ఎక్కిన గేరులోనే దిగవలెను. జూన్ మొదలు సెప్టెంబరు వఱకు కొండచరియలు విరిగిపడు కాలము. అప్పుడు పోకుండుటయే మేలు.

తూర్పుగా పోదలచినవారు మఱియొకటి తెలిసికొనవలెను. బర్మాలో 1970 డిసెంబరునుండి వాహనములు కుడివైపున నడచుచున్నవి. థాయిలాండులో మనవలె ఎడమవైపే. ఆ రెండు దేశముల నడుమ వంతెన దాటువాడు దారి ప్రక్కను మార్చుకొనవలెను. అచ్చట ప్రక్కన కూర్చున్నవారు నిద్రింపక, ముందున్న బండిని దాటునపుడు ఎదుటి త్రోవ చూచి చెప్పుచుండవలెను.

యాత్ర ముగించి యిల్లు చేరినవారు కార్నెను పెట్టెలో దాచరాదు. కారు స్వదేశమునకు తిరిగి వచ్చినదని సుంకపు అధికారిచే చివరి పుటలో ధ్రువీకరణము వ్రాయించి, పుస్తకమును సంఘమునకు ఒప్పగింపవలెను. ముద్రలన్నియు సరిగా నున్నవని వారు చూచిన పిమ్మటనే ధరావతు చేతికి వచ్చును.