పాము పెట్టె చల్లగా ఉండాలంటే?

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత. ఆ ఎండకు మనకు చెమట పడుతుంది. కుక్క నాలుక చాపి వగరుస్తుంది. మరి పాము ఏం చేస్తుంది?

పాముకు స్వేదగ్రంథులు లేవు. అది శీతరక్త జంతువు. అంటే దాని రక్తం ఎప్పుడూ చల్లగా ఉంటుందని కాదు. పరిసరాలను బట్టి దాని శరీర ఉష్ణోగ్రత మారుతూ ఉంటుందని అర్థం. చలిగా ఉంటే పాము ఎండకు వస్తుంది. వేడెక్కితే ఎలుక కలుగులోకో, పుట్టలోకో పోతుంది. నేల లోపలికి పగటి వేడి అంతగా చేరదు. ఇలా చోటు మారడమే పాముకు రక్షణ. పెట్టెలో పెట్టామంటే ఆ రక్షణ పోయినట్లే. ఇక దాని ప్రాణం పెంచేవారి చేతిలోనే ఉంటుంది.

అమెరికా, ఇంగ్లండు వంటి దేశాలలో కార్న్ స్నేక్ అనే విషం లేని పామును చాలామంది పెంచుతారు. పెట్టెలో ఒక చివర సుమారు 30 డిగ్రీల సెల్సియస్, రెండో చివర 24 డిగ్రీల లోపు ఉండేటట్లు చూస్తారు. పాము తనకు కావలసిన చోటు ఎంచుకుంటుంది. కాని 2022 జూలై 19న ఇంగ్లండులోని కోనింగ్స్‌బీలో 40.3 డిగ్రీల వేడి నమోదైంది. అలాంటి రోజున పెట్టెలో చల్లని చివర అంటూ మిగలదు!

గాజుతో చిక్కు

కిటికీ ఎండలో గాజు పెట్టె ఉంచితే ఏమవుతుంది? వెలుగు గాజు గుండా లోపలికి పోయి వస్తువులను వేడెక్కిస్తుంది. వాటి నుంచి వెలువడే పరారుణ కిరణాలను గాజు సులభంగా బయటకు పోనివ్వదు. వేడి గాలికీ దారి ఉండదు. కొద్దిసేపట్లోనే ఆ వేడి పాము ప్రాణం తీయవచ్చు. కనుక మొదటి పని పెట్టెను నీడకు మార్చడం, లోపలి హీటరును ఆపడం. పాము మునిగేటంత నీళ్ళ తొట్టి ఉండాలి. గడ్డకట్టిన నీళ్ళ సీసాను గుడ్డలో చుట్టి జల్లెడ మూతపై ఒక పక్కన ఉంచితే, చల్లని గాలి బరువెక్కి కిందికి దిగుతుంది. ఇది ఉష్ణసంవహనం.

పాము నోరు తెరచి ఊపిరి పీలుస్తుంటే ప్రమాదం ముంచుకొచ్చిందన్నమాట. అప్పుడు మంచు నీళ్ళలో ముంచరాదు. చల్లని గదికి మార్చి, పశువైద్యునికి చూపాలి.

ఫ్యాను చాలదా?

చాలదు. ఫ్యాను గాలిని కదిలిస్తుంది, చల్లబరచదు. మన చెమటను ఆరబెడుతుంది కాబట్టే మనకు హాయి. పాముకు చెమటే లేదు కదా! పెట్టె జల్లెడపై కొంత భాగంలో తడిగుడ్డ పరచి ఫ్యాను వేస్తే మాత్రం ఫలితం ఉంటుంది. 1 గ్రాము నీరు వేసవి వేడిలో ఆవిరి కావడానికి సుమారు 575 కేలరీలు గ్రహిస్తుంది. ఇదే గుప్తోష్ణం. గాలిలో తేమ ఎక్కువగా ఉండే సముద్రతీరంలో ఈ ఉపాయం అంతగా పారదు.

చెన్నై దగ్గర వడనెమ్మెలిలో ఇరుల గిరిజనుల సహకార సంఘం 1978 నుంచి ఉంది. విషానికి విరుగుడు మందు తయారీ కోసం వారు పాముల నుంచి విషం తీసి, తరువాత వాటిని అడవిలో వదులుతారు. అక్కడ పాములు ఉండేది గాజు పెట్టెల్లో కాదు, గుడ్డ కట్టిన మట్టికుండలలో. చీకటి, మందమైన మట్టిగోడ: పాముకు అది కలుగు వంటిదే.

ఒక హెచ్చరిక

మన దేశంలో నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ వంటి పాములను పట్టి పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. వేసవిలో చల్లదనం కోసం పాము మీ స్నానాల గదికి వస్తే కొట్టకండి, పట్టకండి. దూరంగా నిలబడి పెద్దలను పిలవండి. వారు అటవీశాఖకు కబురు చేస్తారు.

చేసి చూడండి

రెండు థర్మామీటర్లను ఫ్యాను ముందు ఉంచండి. ఒకదాని బల్బుకు తడిగుడ్డ చుట్టండి. పది నిమిషాల తరువాత రెండింటి రీడింగులు రాసుకోండి. ఏది తగ్గింది? ఎందుకు? వానాకాలంలో మళ్ళీ చేసి, తేడా ఎందుకు తగ్గిందో ఆలోచించండి.